ఊపిరి బాగున్న రోజుల్లో కూడా మందు వేయాలా, డాక్టరుగారూ?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా చిన్నోడికి ఆరేళ్ళు నిండాయి, ఒకటో తరగతి. రెండేళ్ళప్పటి నుంచి జలుబు చేస్తే చాలు, ఛాతీలో నిమ్ము చేరుతుంది. రాత్రి రెండు మూడు గంటలకి లేచి ఒకటే దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. కిందటేడు నాలుగుసార్లు నెబులైజర్ పెట్టించాం, ఒకసారి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అక్కడి పిల్లల డాక్టరుగారు ఆస్తమా అని చెప్పి రెండు ఇన్‌హేలర్లు, వాటికి తగిలించి మందు పీల్చే ప్లాస్టిక్ డబ్బా, స్పేసర్ అట, అదొకటి రాశారు. ఒకటి రోజూ వాడాలట, నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడట. నెల రోజులు వాడితే బాగా తగ్గింది. తగ్గింది కదా అని మా ఆయన మాన్పించాడు. అందులో స్టెరాయిడ్ ఉందట, అలవాటు పడతాడట, పొడుగు పెరగడట. సంక్రాంతి దాటి మిర్చి కల్లాలు మొదలయ్యాక మళ్ళీ పట్టుకుంది. ఈ మృగశిరకి హైదరాబాద్ తీసుకెళ్ళి చేపమందు వేయిద్దామని మా అత్తమ్మ పట్టు. ఆస్తమా అన్న మాట బయట ఎత్తొద్దంటున్నారు, మా ఆడబిడ్డకి సంబంధాలు చూస్తున్నారు. అరటిపండు, పెరుగు మాన్పించాం. ఆటలకి పంపడం లేదు. ఊపిరి బాగున్న రోజుల్లో కూడా మందు వేయాలా? పెద్దయ్యాక పోతుందా? ఎవరి మాట వినాలో తెలియడం లేదు. — ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక చోట ఆగిపోయాను. "తగ్గింది కదా అని మాన్పించాడు." నా దగ్గరికి ఆయాసంతో వచ్చే పిల్లల్లో ఎందరి కథో ఈ ఒక్క ముక్కలో ఉంది. మందు పనిచేయలేదని మానేసేవాళ్ళు తక్కువ. పనిచేసిందని మానేసేవాళ్ళే ఎక్కువ. జ్వరం దిగితే గోలీ ఆపుతాం కదా, ఇదీ అంతే అనుకుంటారు. మీ ఆయన్ని తప్పు పట్టను. ఎందుకు రోజూ వాడాలో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సింది, చెప్పలేదు.

కాబట్టి ముందు మీరడిగిన దానికే జవాబు. అవును, ఊపిరి బాగున్న రోజుల్లోనే వేయాలి. రోజూ వాడమన్న ఆ ఇన్‌హేలర్ ఉన్నదే ఆ రోజుల కోసం.

దోమ కుట్టిన చోట దద్దురు లేస్తుంది చూడండి, ఆస్తమా ఉన్న పిల్లల ఊపిరి గొట్టాల లోపలి పొర అలా వాచి ఉంటుంది. ఏ దగ్గూ లేని రోజు కూడా ఆ వాపు కొంత ఉంటుంది. దానిమీద ఒక జలుబో, పొగో, మిర్చి ఘాటో తగిలితే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల జిగట చేరుతుంది. గాలి ఎలాగోలా లోపలికి పోతుంది, బయటికి రావడానికే అవస్థ. ఆ ఇరుకులోంచి వస్తూ చేసే చప్పుడే మీరు వినే పిల్లికూత.

పెంకుటింట్లో ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వానలో ఇల్లు కురుస్తుంటే కింద గిన్నె పెడతాం. నీలం ఇన్‌హేలర్ ఆ గిన్నె. బిగుసుకున్న కండరాన్ని ఐదు నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది, అంతే. పగిలిన పెంకు పగిలినట్టే ఉంటుంది. పెంకు మార్చేది రోజూ వాడే ఇన్‌హేలర్, లోపలి వాపును రోజుల మీద, వారాల మీద తగ్గించేది. ఆ పని వాన వెలిశాకే అవుతుంది. మీ ఇంట్లో ఏడాదిగా గిన్నెలు మార్చుకుంటూ వచ్చారు, కప్పు ఎవరూ ఎక్కలేదు. ఎక్కిన ఒక్క నెలా ఇల్లు కురవలేదని మీరే రాశారు.

రంగుల సంగతి ఒకటి. ఆయాసానికి వేసే మందు పేరు సాల్బుటమాల్, దాని ఇన్‌హేలర్ ఎక్కువగా నీలం రంగులోనే వస్తుంది కానీ, రోజువారీది కంపెనీని బట్టి ఏ రంగులోనైనా ఉండొచ్చు. మందుల షాపులో వేరే కంపెనీది ఇచ్చినప్పుడు రంగు చూసి వాడేసి పొరపాటు పడినవాళ్ళని చూశాను. పేరు చదవండి. బ్యూడెసొనైడ్ అనో, ఫ్లూటికసోన్ అనో ఉంటే అది రోజువారీది. మార్కర్ పెన్నుతో ఒకదాని మీద "రోజూ", రెండోదాని మీద "ఆయాసానికి" అని తెలుగులో రాసి పెట్టండి. ఇంట్లో ఎవరి చేతికి అందినా తప్పు జరగదు.

ఇక మీ ఆయన భయం. స్టెరాయిడ్ అనగానే ఆ భయం రావడం సహజమే. కానీ లెక్క చూడమనండి. ఈ పిల్లలకి ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కి, అంటే ఒక్క నొక్కుకి, వచ్చేది 100 మైక్రోగ్రాములో, 200 మైక్రోగ్రాములో. వెయ్యి మైక్రోగ్రాములు కలిస్తే ఒక్క మిల్లీగ్రాము. ఆయాసం ముదిరాక ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గబగబా వేయించే డెక్సా సూది మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఒళ్ళంతా తిరుగుతుంది. అదీ స్టెరాయిడే. ఏడాదికి నాలుగుసార్లు ఆ సూది వేయించే ఇంట్లో, రోజువారీ చిటికెడు స్టెరాయిడ్‌కి భయపడటం నాకు వింతగా ఉంటుంది. దగ్గు సీసా సంగతీ అంతే. సాల్బుటమాల్ సిరప్ ఒక చెంచాలో, అంటే 5 మిల్లీలీటర్లలో, 2 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇన్‌హేలర్ పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. చెంచాడు సిరప్ ఇరవై పఫ్‌లకి సమానం, పైగా కడుపులోంచి చుట్టూ తిరిగి ఊపిరితిత్తులకి చేరాలి. చేతులు వణకడం, గుండె దడ సిరప్‌తోనే ఎక్కువ.

పొడుగు మాట అబద్ధం కాదు, దాచను. అమెరికాలో అయిదు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి నాలుగేళ్ళకి పైగా రోజూ బ్యూడెసొనైడ్ ఇచ్చి, వాళ్ళు పెద్దయ్యాక కొలిచారు. 2012లో ఆ ఫలితం వచ్చింది. మందు వాడినవాళ్ళు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఉన్నారు. అర అంగుళం కూడా కాదు. ఆ తగ్గినదీ మొదటి ఒకటి రెండేళ్ళలోనే, ఏటేటా పెరుగుతూ పోలేదు. రాత్రిళ్ళు నిద్ర లేక, తిండి సయించక, నెలకోసారి ఆయాసంతో కుంగిపోయే పిల్లాడు కూడా ఎదగడు. నా దగ్గర ప్రతి మూడు నెలలకీ గోడకి నిలబెట్టి కొలుస్తాం. మీ డాక్టరుగారినీ కొలవమనండి. అనుమానం ఉన్నచోట టేపు ఉండటం మంచిది.

అలవాటు పడతాడన్న మాట మాత్రం ఒప్పుకోను. బడికి చెప్పులు వేసుకెళ్ళే పిల్లాణ్ని చెప్పులకి అలవాటు పడ్డాడంటామా? ముల్లు ఉన్నన్నాళ్ళు చెప్పులు. మూడు నెలలపాటు రాత్రి దగ్గు లేకుండా, ఆటలో ఆయాసం లేకుండా గడిస్తే డాక్టరే మోతాదు తగ్గిస్తారు. ఆ తగ్గింపు డాక్టరు చేతిలో జరగాలి.

ఇన్‌హేలర్ అంటే ఇక ఏ మందూ లేనివాళ్ళకి ఇచ్చే చివరి మందు అన్న అపోహ కూడా ఉంది. అసలు ఈ వస్తువు పుట్టిందే ఒక చిన్నపిల్ల విసుగులోంచి. 1955లో అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీని నడిపే జార్జ్ మేసన్ కూతురు సూసీకి పదమూడేళ్ళు, ఆస్తమా. అప్పట్లో మందుని గాజు నెబులైజర్‌లో రబ్బరు బుడగ పిండుతూ పీల్చాలి, అది బడికి తీసుకెళితే పగిలేది. జుట్టుకి కొట్టుకునే స్ప్రేలా నా మందు కూడా డబ్బాలో ఎందుకు రాదని నాన్నని అడిగింది. మరుసటి ఏడాదే మొదటి ఇన్‌హేలర్ బజారులోకి వచ్చింది. బడి సంచిలో పెట్టుకోవడానికి పుట్టిన వస్తువుని మనం బీరువాలో దాస్తున్నాం.

ఇప్పుడు వాడే తీరు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, సగం మందు ఇక్కడే పోతుంది. నా గదిలో నేను అడిగే మొదటి మాట, "మీరు ఇంట్లో ఎలా వేస్తారో నాకు ఒకసారి చూపించండి." చూపిస్తే తెలిసిపోతుంది. ఒకరు ఇన్‌హేలర్ ఊపకుండానే నొక్కుతారు. ఒకరు నాలుగు పఫ్‌లూ వరసగా స్పేసర్‌లోకి కొట్టేసి ఆ తర్వాత మూతికి పెడతారు. అప్పటికి ఆ మందు స్పేసర్ గోడలకి అంటుకుపోయి ఉంటుంది. ఒకరు పిల్లాడు ఏడుస్తుంటే పెద్దగా పీలుస్తున్నాడు కదా అని సంబరపడతారు. ఏడ్చేటప్పుడు మందు లోపలికి పోదు, బుగ్గల్లో ఉండిపోతుంది.

మీవాడికి ఆరేళ్ళు. మాస్కు అవసరం దాటినట్టే, నోట్లో పెట్టుకునే గొట్టం సరిపోతుంది. ఇన్‌హేలర్ బాగా ఊపండి. స్పేసర్‌కి తగిలించండి. పెదవులతో గొట్టాన్ని బిగించి పట్టుకోమనండి, పళ్ళ మధ్య ఊరికే ఉంచితే గాలి పక్కల నుంచి పోతుంది. ఒక్క పఫ్ నొక్కండి. మామూలుగా, నిదానంగా అయిదారు సార్లు ఊపిరి తీసి వదలమనండి. రెండో పఫ్ ఉంటే అర నిమిషం ఆగి, మళ్ళీ ఊపి, మళ్ళీ మొదటి నుంచి. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నాలుక మీద తెల్ల పూత వస్తుంది. అందుకే పళ్ళు తోముకోవడానికి ముందు వేసేస్తే మరిచిపోవడమూ ఉండదు, పుక్కిలింతా అయిపోతుంది. ఊపిరులు లెక్కపెట్టే పని వాడికే ఇవ్వండి. ఒకటో తరగతి వాడికి ఒకటి నుంచి ఆరు దాకా వేళ్ళు మడవడం సరదాగానే ఉంటుంది.

స్పేసర్‌ని వారానికో పక్షానికో గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో ముంచి తీసి, గాలికి ఆరనివ్వండి. చీర కొంగుతోనో తువాలుతోనో తుడవకండి. తుడిస్తే ప్లాస్టిక్‌కి పట్టే విద్యుత్తు మందుని గోడకే లాగేస్తుంది. దువ్వెనకి కాగితం ముక్కలు అతుక్కుంటాయే, అదే. ఇన్‌హేలర్ అయిపోయిందో లేదో చూడటానికి డబ్బాని నీళ్ళలో తేలేసే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని నమ్మకండి. లెక్క చూసుకోవడమే దారి. 200 పఫ్‌ల డబ్బా పొద్దునొకటి రాత్రొకటి వాడితే నూరు రోజులు. మొదలుపెట్టిన తారీకు డబ్బా మీద రాయండి.

ఊరు వెళ్ళినప్పుడు స్పేసర్ మరిచిపోయారనుకోండి. దక్షిణాఫ్రికాలో పిల్లల డాక్టర్లు 1999లో అర లీటరు కూల్‌డ్రింక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, దాన్నే స్పేసర్‌గా వాడి చూశారు. కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. నేనూ ఒకటి రెండు సార్లు ఆసుపత్రి ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు నుంచి సీసా తెప్పించి చేశాను. ఇంట్లో నెబులైజర్ మిషను కొనాలా అని అడుగుతుంటారు. మీలాంటి వాళ్ళకి అక్కర్లేదు. ఆయాసం మరీ ప్రాణం మీదికి రానంతవరకు స్పేసర్‌తో ఇచ్చిన పఫ్‌లు నెబులైజర్‌కి తీసిపోవు.

అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏం చేయాలో కాగితం మీద రాయించి వంటింటి గోడకి అంటించాలి. మీ బాబుని చూసే డాక్టరుగారి చేత రాయించండి, వాడి బరువూ తీరూ వారికే తెలుసు. రాయించేలోపు పనికొచ్చే పద్ధతి ఒకటి చెబుతాను, ఆస్ట్రేలియాలో బడి పిల్లలకి కూడా నేర్పేది. నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. నీలం ఇన్‌హేలర్ నాలుగు పఫ్‌లు, ఒక్కొక్కటే, ఒక్కోదానికి నాలుగు ఊపిరులు. నాలుగు నిమిషాలు ఆగాలి. తగ్గకపోతే మళ్ళీ నాలుగు, అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా అలా ఇస్తూనే ఉండాలి.

అసలు ఆగకుండా బయల్దేరాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. చొక్కా పైకెత్తి చూడండి. డొక్కలు ఎగరేస్తున్నాడా, గొంతు కింది గుంట ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతోందా, మంచినీళ్ళు కావాలన్న మాట కూడా ఒక్క ఊపిరిలో అనలేకపోతున్నాడా, పెదాలు నల్లబడుతున్నాయా, మగతగా వాలిపోతున్నాడా. వీటిలో ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఇంకొకటి ఉంది, పెద్దలు కూడా మోసపోయేది. అంతసేపు వినపడ్డ పిల్లికూతలు ఆగిపోతాయి. తగ్గింది, పడుకోనీ అంటారు. కూతలు ఆగి పిల్లాడు తేరుకుంటే తగ్గినట్టు. కూతలు ఆగి ఎగశ్వాస అలాగే ఉంటే, కూయడానికి కూడా గాలి ఆడటం లేదని. ప్రపంచంలో ఆస్తమాతో పోయేవాళ్ళలో 40 శాతానికి పైగా మన దేశంలోనే అని 2019 నాటి అంచనా. బీరువాలో దాచిన ఇన్‌హేలర్లు, సగంలో ఆపిన మందులు ఆ లెక్కలో చాలానే ఉంటాయని నా నమ్మకం.

ఇంత చెప్పినా, ప్రతి ఆయాసమూ ఆస్తమా కాదని కూడా చెప్పాలి. ఇంతకుముందు ఏమీ లేని పిల్లాడు పల్లీలు తింటూ పొలమారి, అప్పటి నుంచి ఒకవైపే కూత వస్తుంటే గింజ ఊపిరి గొట్టంలో పడి ఉండొచ్చు. బరువు తగ్గుతూ నెలల తరబడి దగ్గితే వేరే పరీక్షలు కావాలి. మీవాడి కథ మాత్రం నాలుగేళ్ళుగా ఒకే తీరులో ఉంది, మందుకి లొంగింది, అది ఆస్తమా తీరే. "నిమ్ము" అన్న మాట మీద నాకు కోపం అందుకే. న్యుమోనియా వచ్చినా నిమ్మే, ఆస్తమా అయినా నిమ్మే, జలుబైనా నిమ్మే. నిమ్ము అనగానే యాంటీబయాటిక్. ఆస్తమాకి దానితో పనిలేదు.

ఆ మాటకొస్తే నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో తల్లిదండ్రులు కంగారు పడతారని ఆస్తమా అని రాసేవాణ్ని కాదు, "అలర్జిక్ బ్రాంకైటిస్" అని రాసేవాణ్ని. ఒక తల్లి ఆ కాగితం పట్టుకుని, ఇది చిన్న అలర్జీయే కదా అని మందు మానేసింది. ఆరు నెలలకి ఆ పాపని అర్ధరాత్రి ఆటోలో, పెదాలు నీలంగా మారాక తెచ్చారు. బతికింది. ఆ రాత్రి నుంచి ఆస్తమా అనే రాస్తున్నాను.

మీ ఆడబిడ్డ సంబంధాల గురించి కూడా అదే అంటాను. ఊరంతా చాటమని అనడం లేదు. కానీ బడిలో క్లాసు టీచరుకీ, ఆటల మాస్టారుకీ తెలియకపోతే, పొద్దున్న పదకొండింటికి వాడికి ఆయాసం వస్తే ఎవరు చూస్తారు? ఒక కాగితం చాలు. బాబు పేరు, ఆస్తమా ఉందన్న మాట, నీలం ఇన్‌హేలరూ స్పేసరూ సంచిలో ఏ అరలో ఉన్నాయి, ఎన్ని పఫ్‌లు, మీ ఫోన్ నంబరు, 108. సంబంధం వాళ్ళకి మేనల్లుడి జలుబు చరిత్ర ఎవరూ చెప్పరు లెండి. ప్రియాంకా చోప్రా తనకి ఆస్తమా ఉందని 2018లో అందరి ముందూ చెప్పుకుంది, అదే ఏడాది ఆవిడ పెళ్ళీ అయింది. మీ అత్తమ్మగారికి ఈ ముక్క చెప్పి చూడండి, నవ్వుతారేమో.

ఆటలు మాన్పించడం నాకు అన్నిటికన్నా బాధగా అనిపించింది. రోజువారీ మందు సరిగ్గా పడుతుంటే వాడు అందరితో పాటు పరిగెత్తాలి. పరిగెత్తలేకపోతే మందు చాలడం లేదని అర్థం, ఆట ఎక్కువైందని కాదు. 2003లో లండన్ మారథాన్‌ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తి మహిళల ప్రపంచ రికార్డు పెట్టిన పౌలా రాడ్‌క్లిఫ్‌కి పద్నాలుగేళ్ళప్పుడే ఆస్తమా అని తేలింది. మొదట్లో కొన్నాళ్ళు, ఆటకి పావుగంట ముందు నీలం ఇన్‌హేలర్ వేసి పంపొచ్చా అని మీ డాక్టరుగారిని అడగండి. "ఆడితే దగ్గొస్తుంది" అని రోజూ వినే పిల్లాడు ఏం చేస్తాడో తెలుసా? దగ్గు వచ్చినా దాస్తాడు. దిండులో మూతి పెట్టుకుని దగ్గేవాళ్ళని చూశాను.

అరటిపండు, పెరుగు తిరిగి పెట్టండి. ఒక పదార్థం తిన్న గంటలోపే, ప్రతిసారీ ఆయాసమో దద్దుర్లో వస్తే దాన్ని మానాలి. అలా కానప్పుడు పథ్యం పిల్లాణ్ని ఎండబెట్టడమే. రక్తం తీసి అరవై రకాల తిండికి అలర్జీ ఉందని పట్టిక ఇచ్చే పరీక్షలకి కూడా డబ్బు తగలేయొద్దు.

డబ్బు పెట్టకుండా అయ్యేవి ఇంట్లో ఉన్నాయి. అన్నిటికన్నా ముందు దోమల చక్రం. ఒక చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానికి సమానమని లెక్కకట్టారు. తలుపులేసుకుని పిల్లాడి తల దగ్గర పెట్టి పడుకుంటాం. దోమతెర కట్టండి. ఇంట్లో ఎవరైనా బీడీ కాలిస్తే వసారాలో కాల్చినా పొగ లోపలికి వస్తుంది. సాంబ్రాణి, అగరుబత్తి వాడు బడికి వెళ్ళాక పెట్టుకోండి.

మిర్చి కల్లం మాట. ఆ ఘాటుకి మీకూ నాకూ దగ్గొస్తుంది, వాడి గొట్టాలు ఇంకా ముందు బిగుసుకుంటాయి. కల్లం ఇంటి ముంగిట్లో కాకుండా గాలి ఇంటివైపు రాని దిక్కున పోయగలిగితే పోయండి. తాలుకాయలు ఏరే చోటికి, బస్తాలు తొక్కే చోటికి వాణ్ని రానివ్వొద్దు. వీలైతే ఆ పది పదిహేను రోజులు అమ్మమ్మ ఇంట్లో ఉంచండి. అంతకన్నా ముఖ్యం, సంక్రాంతికి ముందు నుంచే రోజువారీ మందు ఒక్క పూట తప్పకుండా పడి ఉండాలి. ఈ ఏడాది సరిగ్గా అప్పుడే ఆపి ఉన్నారు.

వాడికి ఏది పడదో కనిపెట్టేది మీరే, నేను కాదు. నా దగ్గరికి వచ్చే ఒక తాతగారు మనవడికి అమావాస్యకీ పున్నమికీ ఆయాసం పెరుగుతుందని గట్టిగా అనేవారు. వాదించలేదు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లోనే గుర్తులు పెట్టమన్నాను. మందు వేసిన పూటకి పెన్సిలుతో టిక్కు, దగ్గుతో లేచిన రాత్రికి ఎర్ర ఇంటూ. ఆరు నెలలకి ఆ క్యాలెండర్ చుట్టి, రబ్బరు బ్యాండు వేసుకుని వచ్చారు. బల్ల మీద పరిచాం. తిథులు అందులోనే అచ్చేసి ఉన్నాయి కదా, చూపుడు వేలు పెట్టి ఒక్కో అమావాస్యా చూసుకుంటూ పోయారు. ఎర్ర గుర్తులు అక్కడ లేవు. బడి తెరిచిన రెండో వారంలో ఉన్నాయి, జలుబు రోజులవి. దసరా ముందు బూజు దులిపిన మూడు రాత్రులూ వరసగా ఉన్నాయి. ఆయన కళ్ళజోడు తీసి, "అమావాస్య కాదు డాక్టరుగారూ, చీపురు" అన్నారు. మీరూ ఈ నెల నుంచే గుర్తులు మొదలుపెట్టండి. వారంలో రెండు రోజులకి మించి నీలం ఇన్‌హేలర్ అవసరమైతే, ఒక్క రాత్రయినా దగ్గుతో లేస్తే, తర్వాతి తారీకు దాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి.

చేపమందు దగ్గరికి వస్తాను. ఇది మీ ఇంట్లో గొడవ కాకూడదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఇచ్చే ఆ మందుకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్ళు చెబుతారు, పైసా తీసుకోరు. ఆ పసుపు ముద్దలో ఏముందో బయటపెట్టలేదు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని నిలబడే పరీక్ష ఏదీ లేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు కోర్టుకెక్కారు, మందు అనే మాట పోయి చేప ప్రసాదం అనే మాట వచ్చింది. మరి తగ్గిందనేవాళ్ళు ఉన్నారే అంటారు. ఆస్తమా దానంతటదే నెలల తరబడి సద్దుమణిగి మళ్ళీ లేస్తుంది. ఆ సద్దుమణిగిన నెలల ముందు ఏం మింగినా దానికే పేరొస్తుంది. నా భయం చేప గురించి అంతగా కాదు. బతికున్న కొర్రమీను పిల్లని మింగించేటప్పుడు ఏడ్చే పిల్లాడికి పొలమారుతుంది, ఆ తొక్కిసలాటలో గంటల తరబడి నిలబడాలి, అవీ ఉన్నాయి. అసలు భయం, అది వేయించాక ఇంట్లో ఇన్‌హేలర్ పక్కన పెట్టేయడం. పైగా జూన్‌లోనే బడులు తెరుస్తారు, క్లాసులో ఒకడి జలుబు అందరికీ అంటుకుంటుంది. సరిగ్గా అప్పుడే రోజువారీ మందు పూర్తిగా ఉండాలి. వానలకి ముందు ఫ్లూ టీకా కూడా వేయించండి.

మీ అత్తమ్మగారిని ఈసారి డాక్టరు దగ్గరికి మీతో తీసుకెళ్ళండి. ఒకసారి నా దగ్గర ఒక నాయనమ్మ ఇన్‌హేలర్ వద్దని పంతం పట్టి కూర్చుంది. స్టెతస్కోపు తీసి ఆవిడ చెవుల్లో పెట్టి, రెండో కొస మనవడి వీపు మీద ఆనించాను. కాసేపు విని, "లోపల ఎవరో సన్నాయి ఊదుతున్నారు బాబూ" అంది. నీలం ఇన్‌హేలర్ నాలుగు పఫ్‌లు ఆవిడ చేతే వేయించాను. పావుగంట తర్వాత మళ్ళీ వినమన్నాను. విని, ఏమీ అనలేదు. స్పేసర్ కొంగున చుట్టుకుని వెళ్ళింది. మీ డాక్టరుగారు కాదనకపోతే ఈ పని చేయించండి. మీ ఆయనకి పొద్దుటి పఫ్ బాధ్యత ఇవ్వండి, రాత్రిది మీరు చూసుకోండి. చేతులారా వేసేవాడు చాటుగా మాన్పించడు.

పెద్దయ్యాక పోతుందా అన్నారు. మెల్‌బోర్న్‌లో 1964లో ఏడేళ్ళ పిల్లల్ని ఎంచుకుని, వాళ్ళకి యాభై ఏళ్ళు వచ్చేదాకా వెంటపడి చూశారు. జలుబులతో అప్పుడప్పుడూ వచ్చినవాళ్ళలో సగానికి పైగా బయటపడ్డారు. చిన్నప్పుడే తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి మిగిలింది. మీవాడు ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉన్నాడు. వాడికి గజ్జి లాంటి దురద మచ్చలు ఉన్నాయా, మీ ఇద్దరిలో ఎవరికైనా ఉబ్బసమో తుమ్ములో ఉన్నాయా, రాయలేదు. ఉంటే ఉండిపోయే అవకాశం ఎక్కువ. రోజువారీ మందు ఆస్తమాని వేళ్ళతో పీకేయదు, ఆ అబద్ధం నేను చెప్పను. ఉన్నన్నాళ్ళూ వాడి బడీ, ఆటా, నిద్రా చెడకుండా చూస్తుంది. పదమూడు పద్నాలుగేళ్ళకి చాలామందిలో నెమ్మదిస్తుంది.

ఎవరి మాట వినాలన్నారు. ఆసుపత్రిలో రెండు ఇన్‌హేలర్లూ రాసిన ఆ డాక్టరుగారి మాట వినండి. ఈ వారమే వెళ్ళండి, ఆపేశామని దాచకుండా చెప్పండి, తిట్టరు. స్పేసర్ సంచిలో పెట్టుకెళ్ళి, వారి ముందే వాడి చూపించండి.

మృగశిర నాడు మీ అత్తమ్మగారి చేత కొర్రమీను పులుసు పెట్టించండి, బాబుకి ముళ్ళు తీసి పెట్టండి. పొద్దుటి పఫ్ వేశాకే.